అసోసియేషన్‌లో పదవి కోసం చూసేవాళ్లు ముందు అక్కడి పని చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పీహెచ్‌డీ అయ్యి రెండేళ్లు కావస్తోంది. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) కాంట్రాక్ట్ ఇంకో ఏడాదిన్నర ఉంది. మీ రంగానికి చెందిన అంతర్జాతీయ అసోసియేషన్ వాళ్లు కార్యవర్గంలో ఎర్లీ కెరీర్ ప్రతినిధి, అంటే యువ పరిశోధకుల తరఫున కూర్చునే మనిషి స్థానానికి నామినేషన్లు పిలిచారు, గడువు మూడు వారాలే ఉంది. వెయ్యాలని ఉంది, కానీ అక్కడ మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరూ లేరు. మీ గైడ్‌ని అడిగితే "అదంతా టైమ్ వేస్ట్, పేపర్లు రాసుకో" అన్నారు. స్టేట్‌మెంట్‌లో ఏం రాయాలి, ఓట్లు ఎలా వస్తాయి, రేపు ఉద్యోగానికి ఇది పనికొస్తుందా అని అడిగారు.

నేను ఒక అసోసియేషన్‌కి కార్యదర్శిగా చేశాను, ఆ తర్వాత నామినేషన్ల కమిటీలో కూడా ఉన్నాను. దరఖాస్తులు రాసిన అనుభవం కన్నా చదివిన అనుభవమే నాకు ఎక్కువ. కాబట్టి బల్లకి అటువైపు నుంచి కనిపించేది చెబుతాను.

ముందు మీ గైడ్ మాట తీసుకుందాం. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. సీవీలో పరిశోధన, బోధన, సర్వీస్ (కమిటీల్లాంటి సంస్థాగత పని) అని మూడు భాగాలుంటే సర్వీస్ ఎప్పుడూ మూడోదే. ఉద్యోగాల కమిటీ ముందు మీ పేపర్లు, ప్రాజెక్టు ప్రతిపాదన చూస్తుంది. అవి బాగుంటేనే మిగతా పేజీలు తిప్పుతుంది. అసోసియేషన్ పదవి ఉంది కదా అని ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. ఇస్తారని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

ఆయన లెక్కలోకి తీసుకోనిది ఇంకొకటుంది. పోస్ట్‌డాక్ దశలో చాలామందికి పేపర్లకన్నా ముందు కొరత వచ్చేది సిఫారసు ఉత్తరాలకి. గైడ్ ఒకరు, పోస్ట్‌డాక్ బాస్ ఒకరు, మూడో పేరు దగ్గర ఆగిపోతారు. మీ ల్యాబ్‌తో ఏ సంబంధమూ లేని ఒక సీనియర్, మీరు పని చేస్తుంటే కళ్లారా చూసిన మనిషి, మీ గురించి నాలుగు వాక్యాలు సొంత మాటల్లో రాయగలగాలి. కాన్ఫరెన్స్‌లో కాఫీ దగ్గర పరిచయమైనంత మాత్రాన అలాంటి ఉత్తరం రాదు. ఏడాదిపాటు ఒకే కమిటీలో ఉంటే వస్తుంది. గడువుకి ఇస్తారా, మెయిల్‌కి జవాబిస్తారా, మీ మాట చెల్లనప్పుడు ఎలా ప్రవర్తిస్తారు అన్నవన్నీ అక్కడ వాళ్లకి తెలిసిపోతాయి. పైగా అవార్డులు ఎలా నిర్ణయిస్తారు, ఏ సెషన్‌కి ఎందుకు పెద్ద హాలు దక్కుతుంది, జర్నల్‌కి ఎడిటర్‌ని ఎలా వెతుకుతారు అన్నవి బయట నిలబడితే ఎప్పటికీ అంతుపట్టవు.

ఇక అసలు విషయం. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే, మోసే బోయీలేరీ అంటారే, దాదాపు ప్రతి అసోసియేషన్ పరిస్థితీ అదే. వెబ్‌సైట్‌లో కార్యవర్గం ఫొటోలు బోలెడుంటాయి. నిజంగా పని నడిపేది వాళ్లలో నలుగురైదుగురు. వాళ్లకి తమ ప్రొఫెసర్ ఉద్యోగం ఉంది, విద్యార్థులున్నారు, ఇల్లుంది. అసోసియేషన్ పని రాత్రి పదకొండు తర్వాత చేస్తారు. నామినేషన్ల కమిటీలో మీ కాగితం చదివే మనిషి మనసులో ఉండే ప్రశ్న "ఈ అభ్యర్థి ఎంత ప్రతిభావంతుడు?" అన్నది కాదు. "వీళ్లొస్తే నా నెత్తిమీద ఉన్న ఏ పని తగ్గుతుంది?" అన్నది. మీ ప్రయత్నమంతా ఈ రెండో ప్రశ్నకి జవాబుగా ఉండాలి.

ఇదేమీ కొత్త సంగతి కాదు. లండన్‌లో రాయల్ సొసైటీ 1660లో మొదలైంది. 1662లో వాళ్లు రాబర్ట్ హుక్‌ని ప్రయోగాల క్యురేటర్‌గా పెట్టుకున్నారు. అప్పటికి ఆయన వయసు 27. సమావేశం జరిగిన ప్రతిసారీ చెప్పుకోదగ్గ ప్రయోగాలు మూడు నాలుగు సిద్ధం చేసి తేవాలి, సొసైటీ దగ్గర డబ్బు చేరేదాకా ప్రతిఫలం ఆశించకూడదు. ఇవీ షరతులు. ఇవాళ్టి వాలంటీర్ పోస్టుకి ఇంతకన్నా ముచ్చటైన వర్ణన నేను చూడలేదు. అక్కడే కార్యదర్శిగా ఉన్న హెన్రీ ఓల్డెన్‌బర్గ్ దేశదేశాల పండితులతో ఉత్తరాలు నడిపేవాడు. ఆ ఉత్తరాల చాకిరీలోంచే 1665లో ఆయన తన సొంత ఖర్చుతో 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' మొదలుపెట్టాడు. ఆ పత్రిక ఇప్పటికీ వస్తోంది. ఆనాటి కౌన్సిల్‌లో ఎవరెవరు కూర్చున్నారో మనలో ఎంతమందికి తెలుసు?

మీరు ఈ వారం చేయాల్సిన మొదటి పని, అసోసియేషన్ నిబంధనావళి తెరిచి చదవడం. నిద్రొచ్చే పత్రమే, కానీ చదివి తీరాలి. అందులో మీకు కావలసినవి కొన్నే. ఎర్లీ కెరీర్ ప్రతినిధికి ఓటు ఉందా, లేక కూర్చుని వినడానికేనా? కొన్నిచోట్ల ఈ స్థానాన్ని ఓటు లేకుండా సృష్టిస్తారు. అలా ఉన్నా పోటీ చేయొచ్చు, కానీ తెలిసి చేయాలి. పదవీకాలం ఎంత? మధ్యలో ఖాళీ అయితే ఎవరు నింపుతారు? ప్రతినిధిని సభ్యులందరూ ఎన్నుకుంటారా, ఎర్లీ కెరీర్ సభ్యులే ఎన్నుకుంటారా, అధ్యక్షులు నియమిస్తారా? మీ వ్యూహం మొత్తం ఈ ఒక్క జవాబు మీద ఆధారపడుతుంది.

'ఎర్లీ కెరీర్' అంటే ఎవరన్నది కూడా అక్కడే చూడండి. ఒక్కో సంస్థకి ఒక్కో లెక్క. భూవిజ్ఞాన శాస్త్రవేత్తల సంస్థ యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్‌లో మీ అత్యున్నత డిగ్రీ వచ్చి ఏడేళ్లలోపు ఉంటే ఎర్లీ కెరీర్ కింద లెక్క, పిల్లల కోసం సెలవు తీసుకున్నవాళ్లకి అదనపు వెసులుబాటు ఉంది. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈకి చెందిన యంగ్ ప్రొఫెషనల్స్‌లో మొదటి డిగ్రీ నుంచి 15 ఏళ్లు లెక్కపెడతారు. డిగ్రీ నుంచా, పీహెచ్‌డీ నుంచా అన్నది తేడా పడితే ఎన్నికయ్యాక పదవీకాలం మధ్యలో మీకు అర్హత పోవచ్చు. నామినేషన్ రోజున అర్హత ఉంటే చాలా, చివరిదాకా ఉండాలా అని కార్యాలయానికి ఒక మెయిల్ పెట్టి అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

మీ విషయంలో ఇంకో ముడి ఉంది. కాంట్రాక్ట్ ఏడాదిన్నర, పదవీకాలం బహుశా రెండు మూడేళ్లు. మధ్యలో దేశం మారొచ్చు, పరిశ్రమలోకి వెళ్లొచ్చు. దీన్ని దాచొద్దు. "నా ఉద్యోగం మారినా ఈ పని కొనసాగిస్తాను, ఒకవేళ కుదరకపోతే మూడు నెలల ముందు చెప్పి తర్వాతివాళ్లకి అప్పగిస్తాను" అని ఒక వాక్యం రాస్తే చదివేవాళ్లకి భయం తగ్గుతుంది. పోస్ట్‌డాక్‌ల జీవితం అలాగే ఉంటుందని వాళ్లకీ తెలుసు. వాళ్లు భయపడేది చెప్పాపెట్టకుండా మాయమైపోయేవాళ్ల గురించి. అలాంటివాళ్లు తక్కువేం కాదు.

రెండో పని, ఇప్పుడు ఆ స్థానంలో ఉన్న మనిషికి రాయడం. నూటికి తొంభైమంది అధ్యక్షులకి రాస్తారు, అది వృథా. దిగిపోతున్న ప్రతినిధికి దాచుకోవలసింది ఏమీ ఉండదు, చెప్పాలనుకున్నవి మాత్రం చాలా ఉంటాయి. మెయిల్ ఇంత చిన్నగా ఉంటే చాలు:

"నమస్తే. ఎర్లీ కెరీర్ ప్రతినిధి స్థానానికి నామినేషన్ వేద్దామని ఆలోచిస్తున్నాను. గత వార్షిక నివేదికలో మెంటరింగ్ కార్యక్రమం ఆ ఏడాది జరగలేదని చూశాను. మనుషులు దొరక్కనా, డబ్బు లేకనా? మీకు ఇంకో ఏడాది ఉంటే ఏ పని పూర్తి చేసేవారు? నెలకి నిజంగా ఎన్ని గంటలు పడుతోంది? వచ్చేవారం పావుగంట ఫోన్‌లో మాట్లాడే వీలుంటే చెప్పండి, లేకపోతే నాలుగు ముక్కలు రాసినా చాలు."

ఇందులో "మీ అమూల్యమైన సలహా" లాంటి పొగడ్త లేదు, సీవీ జత చేయలేదు, మద్దతు అడగలేదు. నివేదిక చదివినట్టు మాత్రం తెలుస్తోంది. "ఏ పని పూర్తి చేసేవారు" అన్న ప్రశ్నకి వచ్చే జవాబే మీ స్టేట్‌మెంట్‌కి ముడిసరుకు. జవాబే రాకపోతే అది కూడా ఒక సమాచారమే. ఆ స్థానం పేరుకే ఉందేమో అని అనుమానించండి.

మెయిల్ రాసే ముందు గత మూడేళ్ల వార్షిక నివేదికలు, దొరికితే సర్వసభ్య సమావేశాల మినిట్స్ తిరగేయండి. ప్రతి ఏడాదీ "వచ్చే ఏడాది చేపడతాం" అని రాసి చేపట్టనివి ఏమున్నాయో వెతకండి. రెండేళ్లుగా మారని వెబ్‌పేజీ, ఆగిపోయిన న్యూస్‌లెటర్, ప్రయాణ సాయం ఫలితాలు కాన్ఫరెన్స్ రిజిస్ట్రేషన్ గడువు దాటాక రావడం, ఇలాంటివి కనీసం ఒకటైనా దొరుకుతుంది. చివరిది నాకు మహా చిరాకు. టికెట్ కొనాల్సిన డబ్బు చేతిలో లేనివాళ్లకే ప్రయాణ సాయం, ఆ సాయం వస్తుందో రాదో టికెట్ ధర పెరిగాక చెబుతారు. ఆ తేదీని ఆరు వారాలు ముందుకి జరిపినవాళ్లు ఎవరైనా ఉంటే యువ పరిశోధకులకి వాళ్లు చేసిన మేలు, పది ప్యానెల్ చర్చలు కూడా చేయలేవు.

ఇప్పుడు స్టేట్‌మెంట్. నేను చదివినవాటిలో ఎక్కువభాగం ఈ మూసలో ఉండేవి:

"నేను ఫలానా అంశంపై పరిశోధన చేస్తున్నాను. ఇన్ని పేపర్లు ప్రచురించాను. యువ పరిశోధకుల గళాన్ని వినిపించడం, వైవిధ్యాన్ని పెంపొందించడం, సభ్యుల మధ్య అనుసంధానాన్ని బలోపేతం చేయడం నా లక్ష్యాలు. అవకాశమిస్తే అంకితభావంతో పనిచేస్తాను."

దీంట్లో తప్పేమీ లేదు. పేరు మార్చి ఎవరిదైనా అతికించొచ్చు, అదే దీని జబ్బు. పక్కన ఇది పెట్టి చూడండి:

"గత రెండేళ్లూ మన ప్రయాణ సాయం ఫలితాలు రిజిస్ట్రేషన్ గడువు తర్వాతే వచ్చాయి. దరఖాస్తులు చదివే సమీక్షకులు తక్కువ కావడమే కారణమని తెలిసింది. నేను ఎన్నికైతే మొదటి ఆరు నెలల్లో ఎర్లీ కెరీర్ సభ్యుల్లోంచి సమీక్షకుల జాబితా ఒకటి తయారుచేసి, ఫలితాలు గడువుకి నెల ముందు వచ్చేలా క్యాలెండర్ కార్యవర్గం ముందు పెడతాను. మా విభాగంలో వారాంతపు సెమినార్ ఏడాదిన్నరగా నేనే నడుపుతున్నాను కాబట్టి వక్తలని వెంటపడి గడువుకి రప్పించడం నాకు అలవాటే. నెలకి ఆరు గంటలు దీనికి కేటాయించగలను."

ఒక సమస్య, దాని కారణం, ఒక పని, ఒక గడువు, చేయగలరనడానికి ఒక రుజువు, మీ సమయం ఎంత అన్నది. పరిశోధన గురించి ఒక్క వాక్యం చాలు, లింక్ ఇస్తే చూసుకుంటారు. సెమినార్ నడపడం, ల్యాబ్ కొనుగోళ్లు చూడటం, హాస్టల్ కమిటీలో లెక్కలు రాయడం లాంటివి చిన్నవనుకుని మీరు వదిలేస్తారు. చదివేవాళ్లు వాటికోసమే వెతుకుతారు. కానీ ఒక జాగ్రత్త: కారణం ఖాయంగా తెలియకపోతే రాయొద్దు. అదే కమిటీలో ఆ పని చేసిన మనిషి మీ కాగితం చదువుతూ ఉండొచ్చు, "వీళ్లకేం తెలుసని రాశారు" అనిపిస్తే అక్కడితో సరి. అందుకే ముందు పాత ప్రతినిధితో మాట్లాడమన్నది. తప్పు పట్టే స్వరం కూడా వద్దు. "ఇంతకాలం పట్టించుకోలేదు" అనే బదులు "సమీక్షకులు తక్కువ" అంటే అదే విషయం చేరుతుంది, ఎవరికీ గుచ్చుకోదు.

ఓట్ల సంగతి. ఇలాంటి ఎన్నికల్లో ఓటు హక్కు ఉన్నవాళ్లలో ఓటు వేసేవాళ్లు చాలా తక్కువ. అందువల్ల పరిచయాలు లేకపోవడం మీరు అనుకున్నంత పెద్ద అడ్డంకి కాదు. వేసేవాళ్లు కూడా అభ్యర్థుల పేజీ తెరిచి మొదటి రెండు వాక్యాలు చదివి నొక్కేస్తారు. మీ పని వాక్యం మొదట్లోనే ఉండాలనడానికి ఇదొక కారణం. నామినేషన్‌కి ప్రతిపాదకులు, బలపరిచేవాళ్లు కావాలంటే ఇద్దరినీ ఒకే ల్యాబ్ నుంచి తేకండి. ఒకరు మీ గైడ్ అయితే రెండోవాళ్లు వేరే దేశంలోనో వేరే ఉపశాఖలోనో ఉంటే మంచిది. మీ పేపర్‌ని ఉదహరించినవాళ్లు, మీరు సమీక్ష రాసిచ్చిన ఎడిటర్, వర్క్‌షాప్‌లో ఒకే గ్రూపులో పనిచేసినవాళ్లు, ఎవరైనా సరే. అడగడానికి మొహమాటపడొద్దు, సంతకం పెట్టడానికి వాళ్లకి రెండు నిమిషాలు చాలు. స్టేట్‌మెంట్ జతచేసి పంపండి, లేకపోతే ఏం రాశారో చూడకుండా సంతకం పెట్టమన్నట్టు ఉంటుంది. ప్రచారం ఎంతవరకు అనుమతిస్తారో నిబంధనల్లో చూడండి. కొన్ని సంస్థలు మెయిలింగ్ లిస్టుల్లో ఓట్లు అడగడాన్ని ఒప్పుకోవు.

ఓడిపోతే? మొదటిసారి ఓడిపోవడం మామూలే. ఫలితం వచ్చిన వారంలోనే గెలిచినవాళ్లకి రాయండి: "స్టేట్‌మెంట్‌లో నేను రాసిన ఆ క్యాలెండర్ పని మీకు ఉపయోగపడితే నేనే చేసిపెడతాను." ఈ మెయిల్ రాసేవాళ్లు అరుదు. ఓటమి మర్నాడు కూడా పని గురించే మాట్లాడిన పేరు నామినేషన్ల కమిటీకి గుర్తుండిపోతుంది. మళ్లీ ఖాళీ వచ్చినప్పుడు ముందు ఆ పేరే తలుచుకుంటారు.

నిజానికి మీ స్థితిలో ఉన్నవాళ్లకి ఎన్నికయ్యే స్థానం కన్నా నియమించే స్థానాలు నాకు ఎక్కువ నచ్చుతాయి. అవి చాలాసార్లు బయటికి ప్రకటించరు, అందుకే ఎవరూ అడగరు. సెషన్‌కి సహ కన్వీనర్, న్యూస్‌లెటర్‌లో ఒక శీర్షిక, వెబినార్ వరస, పోస్టర్ బహుమతుల న్యాయనిర్ణేతలు, విద్యార్థుల వర్క్‌షాప్ నిర్వహణ. యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్‌లో ఒక్కో శాస్త్ర విభాగానికి ఒక్కో ఎర్లీ కెరీర్ ప్రతినిధి ఉంటారు, వాళ్ల చుట్టూ చిన్న జట్లు కూడా పనిచేస్తాయి. మొత్తం సంస్థ స్థాయికి పోటీపడే ముందు అలాంటి విభాగం జట్టులో చేరడం తేలిక. పూర్తిగా యువ పరిశోధకులే నడిపే సంస్థలూ ఉన్నాయి. ధ్రువ ప్రాంతాల మీద పనిచేసేవాళ్లకి ఏపెక్స్ ఉంది, 2007-08 అంతర్జాతీయ ధ్రువ సంవత్సరం సందడిలో పుట్టింది. 2010లో మొదలైన గ్లోబల్ యంగ్ అకాడమీ ఇంకో రకం. 200 మంది సభ్యులకి మించదు, ఐదేళ్ల సభ్యత్వం, ఎంపిక గట్టిగా ఉంటుంది. అది మీకు ఇప్పుడు కాదు, కొన్నేళ్ల తర్వాత గుర్తుంచుకోవాల్సిన పేరు. యువత నడిపే సంస్థల్లో బాధ్యత త్వరగా చేతికొస్తుంది. సీనియర్లతో పనిచేసే అవకాశం మాత్రం తక్కువ. సిఫారసు ఉత్తరం గురించి నేను పైన చెప్పింది మీకు ముఖ్యమైతే, సీనియర్లున్న కమిటీలో చిన్న పని ఎంచుకోండి.

గెలిచారనుకుందాం. మొదటి ఆన్‌లైన్ సమావేశం ఇలా ఉంటుంది. గంటన్నర సమయం, ఎజెండాలో పది అంశాలు. మూడో అంశం వచ్చే ఏడాది కాన్ఫరెన్స్ బడ్జెట్. దాని మీదే నలభై నిమిషాలు గడుస్తాయి. ఎర్లీ కెరీర్ నివేదిక తొమ్మిదోది. అక్కడికి వచ్చేసరికి ఒకరు "నాకు క్లాస్ ఉంది" అని వెళ్లిపోతారు, ఇంకొకరి కెమెరా ఆగిపోతుంది, కోరం ఉందా లేదా అని కార్యదర్శి తలలు లెక్కపెడుతుంటారు. అధ్యక్షులు "చాలా ముఖ్యమైన విషయం, దీన్ని వచ్చేసారి వివరంగా చర్చిద్దాం" అంటారు. వచ్చేసారీ అంతే.

దీనికి విరుగుడు సమావేశంలో గట్టిగా మాట్లాడటం కాదు, వారం ముందు ఒక పేజీ కాగితం పంపడం. కాగితం చివర "కార్యవర్గం తీసుకోవాల్సిన నిర్ణయం" అని రాసి, కింద ఒకే వాక్యం పెట్టండి: "ప్రయాణ సాయం ఫలితాల తేదీని వచ్చే కాన్ఫరెన్స్ నుంచి ఫలానా తేదీకి మార్చడానికి ఆమోదం." అధ్యక్షులకి విడిగా రాసి, "ఇది నిర్ణయం కావలసిన అంశం, ఐదు నిమిషాల పని, ఎజెండాలో మూడోదానికి ముందు పెడతారా?" అని అడగండి. చర్చ కోసం తెచ్చినవి వాయిదా పడతాయి. నిర్ణయం కోసం తెచ్చినవాటిని, అందులోనూ డబ్బు అక్కర్లేనివాటిని, ఒప్పేసుకుని ముందుకి పోతారు. మొదటి ఏడాది డబ్బు అడగని పని ఒకటి పూర్తిచేస్తే రెండో ఏడాది డబ్బు అడిగినప్పుడు వింటారు.

కమిటీల వల్ల ఏమవుతుందిలే అనిపిస్తే ఒక సంగతి. పరిశోధకులని జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో (ఆ జర్నల్ పేపర్లని సగటున ఎన్నిసార్లు ఉదహరిస్తారన్న లెక్క) తూచొద్దు అని చెప్పే డోరా ప్రకటన మొదలైంది 2012లో, అమెరికన్ సొసైటీ ఫర్ సెల్ బయాలజీ వార్షిక సమావేశం జరుగుతున్నప్పుడు, కొందరు ఎడిటర్లు, ప్రచురణకర్తలు కూర్చుని మాట్లాడుకోవడంతోనే. ఇవాళ ఉద్యోగ ప్రకటనల్లో కూడా దాని పేరు కనిపిస్తోంది. అన్ని సమావేశాలూ అలా ఉండవు. చాలావరకు బడ్జెట్ మీద నలభై నిమిషాలే.

జాగ్రత్త పడాల్సినవి కొన్నున్నాయి. కమిటీలో అందరికన్నా చిన్నవాళ్లు కాబట్టి మినిట్స్ రాయడం, జూమ్ లింకులు పంపడం, సోషల్ మీడియా అన్నీ మెల్లగా మీ మీదికి జారతాయి. ఆడవాళ్ల మీదికి ఇంకా త్వరగా జారతాయి, ఇది నేను ఎన్నోసార్లు చూశాను. మినిట్స్ రాయడం చెడ్డ పనేం కాదు, ఏం నిర్ణయమైందో రాసేవాళ్ల చేతిలో కొంత బలం ఉంటుంది. కానీ అది మీ పదవికి సంబంధించిన పని కాకపోతే "ఈ సమావేశానికి నేను రాస్తాను, వచ్చేదానికి ఎవరు?" అని అక్కడే అడగండి. నవ్వుతూ అడిగితే సరిపోతుంది. ఈ ఒక్కసారికి రాసి చివర వంతుల జాబితా పెడితే ఇంకా మంచిది.

ఖజానా బాధ్యత అడిగితే ఆలోచించుకోండి. బ్యాంకు సంతకాలు, ఆడిట్, పన్ను పత్రాలు ఉంటాయి, సంస్థ నమోదైన దేశ చట్టాన్ని బట్టి వ్యక్తిగత బాధ్యత కూడా ఉండొచ్చు. కాంట్రాక్ట్ మీద ఉన్నవాళ్లకి నేను సిఫారసు చేయను. అవార్డుల కమిటీలో కూర్చుంటే మీ గైడ్ పేరో, మీ సహరచయిత పేరో వచ్చినప్పుడు ముందే చెప్పి గది బయటికి వెళ్లాలి, జూమ్‌లో అయితే వెయిటింగ్ రూమ్‌లోకి. ఆ అవార్డుకి మీరు అప్లై చేయడానికి కూడా ఆ కాలమంతా వీలు ఉండకపోవచ్చు. అదేంటో ముందే తెలుసుకోండి. ఒక మంచి థీసిస్ బహుమతిని ఇలా పోగొట్టుకున్నవాళ్లున్నారు.

నేరుగా హాజరు కావలసిన సమావేశాల ప్రయాణ ఖర్చు ఎవరిస్తారు? ప్రొఫెసర్లు తమ గ్రాంట్‌లోంచి పెట్టుకుంటారు కాబట్టి కొన్ని సంస్థలకి ఈ ప్రశ్న తట్టనే తట్టదు. మీరు అడగాలి, నామినేషన్ వేసే ముందే అడగాలి. ముందు మీ జేబులోంచి పెట్టి తర్వాత తిరిగి తీసుకోవాలంటే ఎన్నాళ్లు పడుతుందో కూడా కనుక్కోండి.

ఇంకొకటి, మీ అసోసియేషన్‌కి వర్తించకపోయినా చెబుతున్నాను, ఎందుకంటే మీలాంటివాళ్ల ఇన్‌బాక్స్‌లోకే ఇవి వస్తాయి. "మీ విశిష్ట కృషిని గుర్తించి మిమ్మల్ని మా సంస్థ ఫెలోగా, ఎడిటోరియల్ బోర్డు సభ్యులుగా ఎంపిక చేశాం" అని మెయిల్. కింద రుసుము వివరాలు. సభ్యత్వ రుసుము అన్నిచోట్లా ఉంటుంది, అది వేరు. పదవికి డబ్బు అడిగితే అది పదవి కాదు, సరుకు. మీ రంగంలో మీరు గౌరవించే ముగ్గురు ఆ సంస్థ పేరు విన్నారా, దాని నిబంధనావళి బయటికి కనిపిస్తోందా, కార్యవర్గంలో ఉన్నట్టు చూపిన వాళ్లు తమ సొంత పేజీల్లో ఆ పదవి రాసుకున్నారా చూడండి. మూడోది తప్పనిసరిగా చూడండి. అనుమతి లేకుండా పేర్లు పెట్టుకునే సంస్థలు ఉన్నాయి. అలాంటిది సీవీలో కనిపిస్తే ఎంపిక కమిటీ ముందు మీకు మేలు జరగకపోగా అనుమానం మిగులుతుంది.

ఇక మీ గైడ్‌తో. ఆయన్ని ఒప్పించడానికి వాదన వద్దు, లెక్క పెట్టండి. "నెలకి ఆరు గంటలు, సమావేశాలు ఏడాదికి నాలుగు, మన పేపర్ రివిజన్ ఉన్న నెలలో ఏమీ పెట్టుకోను" అని చెప్పండి. ఆయన అసలు భయం మీరు సగంలో ఉన్న పేపర్ వదిలేస్తారని. ఆ పేపర్ పంపే తేదీ ముందు ఖాయం చేస్తే ఈ గొడవ సగం తగ్గుతుంది. ఒకవేళ మీ పేరు మొదటి రచయితగా ఉన్న పేపర్ ఇంకా ఒక్కటి కూడా బయటికి రాకపోయి ఉంటే మాత్రం నేను ఆయన పక్షమే. ఈ ఎన్నిక వదిలేసి, సహ కన్వీనర్ లాంటి మూడు నెలల పని అడిగి చేయండి. స్థానం మళ్లీ ఖాళీ అవుతుంది, కాంట్రాక్ట్ మాత్రం అయిపోతే అయిపోయినట్టే.

మూడు వారాల్లో మొదటి వారం నిబంధనావళికి, పాత ప్రతినిధికి మెయిల్ పెట్టడానికి సరిపోతుంది. జవాబుకి ఐదారు రోజులు ఆగండి, రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. రెండో వారం చివరికల్లా స్టేట్‌మెంట్ చిత్తుప్రతి మీ రంగం కాని స్నేహితుల్లో ఎవరికైనా చూపించి "నేను ఏం చేస్తానని రాశాను?" అని అడగండి. వాళ్లు తడుముకోకుండా చెప్పగలిగితే పంపేయొచ్చు. చెప్పలేకపోతే పరిశోధన గురించి రాసిన వాక్యాలు కొట్టేసి మళ్లీ చూపించండి, తొంభై శాతం సార్లు అడ్డొచ్చేవి అవే. పాత ప్రతినిధి ఏమన్నారో వచ్చి రాస్తే, ఓటు లేని స్థానమా ఉన్న స్థానమా తేలాక, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.